కోడికి జాకెట్టు: ఆన్‌లైన్‌లో కొన్నది, టైలర్ చేత కుట్టించుకున్నది

ముందే చెప్పేస్తున్నా, ఇది నిజంగానే కోడికి తొడిగే జాకెట్టు గురించి. నవ్వుకునేవాళ్లు ఓ నిమిషం నవ్వుకుని రండి, మా అత్తగారు రెండు రోజులు నవ్వారు. ఆన్‌లైన్‌లో హెన్ శాడిల్ అని అమ్ముతున్నారు, రెండు కలిపి 649 రూపాయలు, ఫిబ్రవరిలో తెప్పించాను, నాలుగు నెలలు వాడి చూశాక రాస్తున్నాను. అయిదుకి రెండున్నర స్టార్లు, ఆ అర స్టారు కూడా ఐడియాకే గానీ కుట్టుకి కాదు.

సంగతేంటంటే మాకు పెరట్లో అయిదు నాటు పెట్టలున్నాయి. సంక్రాంతి వెళ్లాక, కోడిపిల్లలు దింపుకోమని మా మరిది ఒక అసీల్ డేగ పుంజుని, అంటే ఎర్ర ఈకల పందెం జాతి పుంజుని, తెచ్చి ఇచ్చాడు, నాలుగు కిలోల పైమాటే, నడిస్తే నేల అదురుతుందన్నట్టు ఉంటుంది. అయిదు పెట్టల్లోనూ మా ఎర్ర పెట్ట మరీ సాధువు, మిగతావి పుంజుని చూస్తే పరిగెడతాయి, ఇది మాత్రం ఉన్నచోటే కూలబడిపోతుంది. దాంతో రోజంతా దీని మీదే. మూడు వారాలు తిరిగేసరికి మెడ వెనక ఈకలు పోయాయి, తర్వాత వీపు మీద, తోకకి పైన అరచేయంత మేర బోసిపోయి, కోళ్ల కొట్లో ఈకలు పీకి వేలాడదీసినట్టు ఎర్రటి చర్మం కనిపించింది. నేను మొదట పేలు పట్టాయనుకుని వేపనూనె రాశాను. మా ఊరి పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు పెట్టని తిరగేసి, పొట్ట కింద, మలద్వారం చుట్టూ ఈకలు విడదీసి చూసి, పేలైతే ఇక్కడ ఈకల మొదట్లో గుడ్లు గుత్తులుగా అంటుకుని ఉంటాయమ్మా, ఇది పుంజు పనే అన్నారు. వీపు అంచున మిగిలిన ఈకలు చూస్తే తెలిసింది, పీకినట్టు లేవు, సగానికి విరిగి, అరిగిపోయిన చీపురు పుల్లల్లా మొదళ్లు మిగిలాయి. పుంజు ముక్కుతో మెడ పట్టుకుని, జారకుండా గోళ్లతో వీపుని పట్టి తొక్కుతుంది కదా, అక్కడ విరుగుతాయి.

ఇక్కడ నాకు తెలియని ముక్క ఒకటి డాక్టరుగారే చెప్పారు. మొత్తంగా ఊడిన ఈక కొన్ని వారాల్లో మళ్లీ వస్తుంది, విరిగిన ఈక మొదలు చర్మంలో ఉన్నంతకాలం రాదు, పెట్ట పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకునే వేళ వచ్చేదాకా ఆ బోసి వీపు అలాగే ఉంటుంది. ఈలోగా గోరు గీరుకుని రక్తం వచ్చిందా, మిగతా కోళ్లు ఆ ఎరుపుని చూసి పొడవడం మొదలుపెడతాయి, అప్పుడిక పుంజు ఒక్కటే శత్రువు కాదు. అందుకని ఈ జాకెట్టు.

పార్శిల్ విప్పితే లోపల అరచేతి కంటే కాస్త పెద్ద గుడ్డ ముక్క, లోపల పల్చటి స్పాంజి, పైన నైలాన్ లాంటి జారుడు గుడ్డ, పూల డిజైను. దానికి రెండు ఎలాస్టిక్ పట్టీలు, ఒక్కో రెక్కనీ మొదట్లో ఒక్కో పట్టీలోంచి తీసి, చివర టిచ్ బటన్ నొక్కాలి. రాత్రి గూట్లోకి చేరాక, నిద్రమత్తులో ఉన్నప్పుడు తొడగడం మేలు, పగలైతే ఇద్దరు పట్టుకోవాలి. తెల్లారాక చూడాలి మా పెట్టని. పది నిమిషాలు వెనక్కి నడిచింది, గోడకి తగులుకుని ఆగింది, కూర్చుంది, లేచింది, తర్వాత తవుడు కలిపి పెడితే అన్నీ మర్చిపోయి తింది. మిగతా నాలుగూ మధ్యాహ్నం దాకా దాన్ని కొత్త కోడిలాగే చూసి ముక్కులతో తట్టాయి. పుంజుగారు మాత్రం ఒక్క పూట అనుమానంగా తిరిగి, రెండో పూటకే మామూలే.

పనిచేసిందా అంటే చేసింది, వీపు నడుమ భాగం వరకు కొత్త గీతలు పడలేదు, రెండు వారాల్లో ఎరుపు తగ్గింది. కానీ సైజు చూడండి, మీడియం అని రాశారు, భుజాల దగ్గర రెండంగుళాలు బయటే ఉండిపోయింది, పుంజు గోళ్లు సరిగ్గా అక్కడే పడతాయి. అసలు కోపం వచ్చింది పట్టీలకి. సన్నటి రబ్బరు, తాడులా చుట్టుకుపోయి రెక్క కింద చర్మాన్ని కోసేసింది. పదో రోజున స్నానానికని విప్పితే రెండు రెక్కల కిందా ఎర్రగా చార కట్టి ఉంది, వీపుకి మందు వేయబోయి చంకలో పుండు తెచ్చుకున్నట్టయింది. కంపెనీకి ఫొటో పంపితే ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని ఒక మెసేజ్, అంతే. టిచ్ బటన్ ఒకటి మూడో వారంలో ఊడింది, అది మింగకముందే నాకు దొరికింది కాబట్టి సరిపోయింది.

ఆ ముక్కనే పట్టుకుని సెంటర్లో టైలర్ దగ్గరికెళ్లాను. "బాబాయ్, ఇలాంటిది కావాలి, ఇంకో రెండంగుళాలు పొడవు పెట్టి, పట్టీలు వెడల్పుగా వెయ్యి" అంటే, "ఎవరికమ్మా, బొమ్మకా?" అన్నాడు. కోడికి అనగానే మిషను ఆపి నా మొహం చూశాడు. స్కూల్ నిక్కర్లకి వాడే ఖాకీ గుడ్డ మిగిలి ఉంటే రెండు పొరలు వేసి, అంగుళం వెడల్పు మెత్తటి ఎలాస్టిక్ పెట్టి, భుజాల మీదికి రెండు చెవుల్లాంటి ముక్కలు దింపి, గోరు గుచ్చుకోకుండా అంచంతా మడిచి కుట్టాడు, ఒక్కోటి 70 రూపాయలు. పట్టీలో వేలు సులువుగా దూరాలి, అంతకంటే బిగువొద్దు. తోక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది, కోడి ముక్కుతో అక్కడి నూనె తీసుకునే ఈకలకి రాసుకుంటుంది, గుడ్డ దాన్ని కప్పకూడదు. ఈ సంగతి ఆ ఆన్‌లైన్ వాళ్లు అట్ట మీద ఒక్క లైను రాసి ఉంటే ఎంత బాగుండేది. ఖాకీ వేసుకుని తిరుగుతుంటే పక్కింటి పిల్లలు పోలీసు కోడి అని పేరు పెట్టారు. ఇది మాత్రం అయిదుకి నాలుగున్నర, ఉతికితే రంగు వెలిసింది గానీ కుట్టు ఊడలేదు.

కొనాలనుకునేవాళ్లకి ఇంకో మాట. తొడిగేశాం కదా అని వదిలేస్తే కుదరదు. వారానికి రెండుసార్లు విప్పి కింద చూడాలి, గుడ్డ కింద చీకటి, వెచ్చదనం, పేలకి అంతకంటే ఏం కావాలి. తడిస్తే వెంటనే తీసేయాలి. ఏప్రిల్ వచ్చాక ఎండ నలభైకి చేరితే కోడి నోరు తెరుచుకుని రెక్కలు ఎత్తి నిలబడుతుంది, అలాంటి రోజుల్లో పొద్దున తీసేసి సాయంత్రమే వేశాను, స్పాంజి ఉన్న ఆన్‌లైన్ ముక్కైతే ఆ ఎండకి అస్సలు పనికిరాదు. కొత్త ఈకలు గొట్టాల్లా మొలిచేటప్పుడు కూడా గమనించుకోండి, వాటిలో రక్తం ఉంటుంది, గుడ్డ ఒరుసుకుంటే నొప్పి పుడుతుంది, విరిగితే రక్తం కారుతుంది.

అసలు జాకెట్టు కంటే పనికొచ్చింది ఏంటో చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. అయిదు పెట్టలకి అంత పుంజు ఎక్కువ, ఒక పుంజుకి ఎనిమిది పది పెట్టలైనా ఉండాలి. అందుకని మార్చిలో ఇంకో నాలుగు పెట్టలు కొన్నాను, ఎర్రదాని మీద బరువు సగం తగ్గింది. పుంజుని పగలు పాకలో ఓ మూల వల కట్టి అందులో ఉంచుతున్నాం, వారానికి రెండు సాయంత్రాలు వదులుతాం. కోడిపిల్లలు దిగడానికి అది చాలు, ఒకసారి తొక్కాక వారం పది రోజుల గుడ్లు పొదుగుకి పనికొస్తాయి. మా మరిది నమ్మలేదు, పదకొండు గుడ్లు పెడితే తొమ్మిది దిగాక నోరు మూశాడు. పుంజు కాలి వెనక ముళ్ల కొసలు కూడా ఆకురాయితో అరగదీశాం, కొస మాత్రమే సుమా, లోపల రక్తం ఉంటుంది. వీటితో పాటు ఎర్ర పెట్టకి నూకలు తగ్గించి, నానబెట్టిన పెసలు, ఉడకబెట్టిన గుడ్డు, దొరికినప్పుడు ఎండు చేప తలలు వేశాను, ఈకంటే దాదాపు అంతా ప్రోటీనే కదా.

జూన్ మొదటి వారంలో జాకెట్టు పూర్తిగా తీసేశాను. వీపు మీద నల్లటి మొలకలు వచ్చాయి, మెడ దగ్గర ఇంకా పల్చగానే ఉంది, అక్కడికి ఏ జాకెట్టూ అందదు. ఆన్‌లైన్ ప్యాకెట్లో రెండో ముక్క కవర్ కూడా విప్పలేదు, వెనక్కి పంపుదామంటే వాపసు గడువు ఏడు రోజులేనట.