వంటింటి అల్మారాల జిడ్డుకు ఏది మేలు: వంటసోడానా, స్ప్రేనా, సర్వీసు వాళ్లా?

ఉగాది దగ్గర పడినా, దసరా వస్తున్నా బెంగళూరులోని మన తెలుగు ఇళ్లలో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. మాడ్యులర్ కిచెన్ తలుపుల మీద, సొరుగుల్లో పేరుకున్న జిడ్డును వంటసోడా, గోరువెచ్చని నీళ్లతో మనమే వదిలించుకోవాలా, బజారులో దొరికే స్ప్రే కొనాలా, లేక డీప్ క్లీనింగ్ సర్వీసు వాళ్లను పిలిపించాలా? అడిగేవారిలో ఎక్కువమంది జిడ్డు ఎంత త్వరగా వదులుతుందన్నదే చూస్తున్నారు. ఓపిగ్గా చేస్తే మూడింటితోనూ వదులుతుంది. ఏ పద్ధతిలో చెక్కలోకి తక్కువ నీరు దిగుతుందన్నదే నా దృష్టిలో ముఖ్యం, ఎందుకంటే మిగిలిపోయిన జిడ్డును రేపు మళ్లీ తుడుచుకోవచ్చు గానీ, ఉబ్బిన చెక్క తిరిగి అణగదు.

అందుకని ఏది వాడాలో ఎంచుకునే ముందు తలుపును దేనితో చేశారో తెలుసుకోవాలి. పైన కనిపించే సన్‌మైకా అన్ని ఇళ్లలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. దాని కింద ఉన్నది ఐఎస్ (భారత ప్రమాణం) 710 ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ కావచ్చు, ఐఎస్ 303 కింద వచ్చే మామూలు ప్లైవుడ్ కావచ్చు, నీటికి తేలిగ్గా ఉబ్బే ఎండీఎఫ్ (చెక్క నారను అదిమి చేసిన పలక) గానీ పార్టికల్ బోర్డు గానీ కావచ్చు. మారతహళ్లి, బెళ్లందూరు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు అద్దె ఫ్లాట్లలో ఉండేవారికి ఇంటి యజమాని ఏది వేయించారో తెలిసే అవకాశం తక్కువ. తలుపు లోపలి వైపు హింజ్ (కీలు) మరలు రెండూ విప్పి, అది కూర్చునే గుండ్రటి గుంటలోకి టార్చి వేసి చూడండి. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్, చిన్న చిన్న చెక్క పేళ్లను అతికించినట్టుంటే పార్టికల్ బోర్డు, పొరలేవీ లేకుండా దళసరి అట్టలాగా నున్నగా ఉంటే ఎండీఎఫ్. తర్వాత సింకు కింది తలుపు అడుగు అంచు మీదుగా వేలు పోనివ్వండి. అంచుకు అతికించిన పట్టీ లేచి, దాని వెనక చెక్క ఉబ్బెత్తుగా, గరుకుగా తగిలితే నీరు అప్పటికే దారి చేసుకుందని అర్థం. అలాంటి తలుపు దగ్గరికి బాగా పిండిన గుడ్డ తప్ప మరేదీ పోకూడదు.

పోపు వేసినప్పుడల్లా పైకి లేచే నూనె తుంపరలు తలుపుల మీద పలుచగా పరచుకుని, వేడికీ గాలికీ క్రమంగా గట్టిపడి, పైన దుమ్ము పట్టి, చివరికి సబ్బునీటికి కూడా కదలని పసుపుపచ్చ పొరగా మారతాయి. దీన్ని విడగొట్టేది క్షార గుణం. వంటసోడాలో ఆ గుణం స్వల్పం, దాని ద్రావణం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం) 8 పైచిలుకు మాత్రమే. కాబట్టి పాత జిడ్డు దానికి వెంటనే లొంగదు. హ్యాండిల్ చుట్టూ, తలుపు పై అంచున ముద్దగా రాసి ఓ 10 నిమిషాలు ఆగాలి. స్ప్రేలలో చాలావాటికి ఘాటు ఎక్కువ, అందుకే పని త్వరగా అవుతుంది. అయితే కాస్టిక్ సోడా ఉన్న రకాలు అల్యూమినియాన్ని తినేస్తాయి గనుక తలుపు అంచు పొడవునా ఉండే అల్యూమినియం ప్రొఫైల్ హ్యాండిళ్ల మీద మచ్చలు పడతాయి. కొన్ని ద్రావకాల వల్ల ఆక్రిలిక్ తలుపుల మెరుపు పోతుంది. అంతకన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది, తలుపు మీద నేరుగా కొట్టిన స్ప్రే కారుతూ పోయి అడుగు పట్టీ సందులో నిలవడం. స్టవ్ పైనున్న తలుపులకు, చిమ్నీ పక్కలకు స్ప్రే అవసరమేనని ఒప్పుకుంటాను. అక్కడైనా దాన్ని గుడ్డ మీద కొట్టుకుని తుడవాలి, చేతులకు గ్లవ్స్ ఉండాలి, కిటికీ తెరిచి ఉంచాలి.

మిగతా చోట్ల నేను చేతిపనినే ఎంచుకుంటాను. గిన్నెడు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి, గుడ్డను చుక్క కారకుండా పిండి తుడవాలి. సోడా ముద్ద రాసిన చోట పీచుతో గీకకుండా మెత్తటి గుడ్డతో తీయాలి. ఒక తలుపు పొడిగుడ్డతో ఆరబెట్టాకే రెండో తలుపు దగ్గరికి వెళ్లాలి. బెంగళూరులో ఇక్కడ ఇంకో చిక్కుంది. ట్యాంకరు నీళ్లు, బోరు నీళ్లు కఠినజలాలు కావడం వల్ల ముదురు రంగు తలుపులు ఆరాక తెల్లటి చారలు తేలతాయి, జిడ్డు పోలేదేమోనని మళ్లీ నీళ్లు పెట్టి తుడుస్తూ పోతాం. ఆఖరి తుడుపుకు చిన్న గిన్నెడు కొళాయిలో వచ్చే కావేరి నీళ్లో, ఆర్‌వో ఫిల్టరు నీళ్లో పక్కన పెట్టుకుంటే ఆ బెడద తగ్గుతుంది.

సర్వీసు వాళ్ల విషయానికి వస్తే, పెద్దవాళ్లు మాత్రమే ఉన్న ఇంట్లో, నిచ్చెన ఎక్కాల్సిన అటకలకు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వారి సాయం ఎంతో విలువైనది. కానీ కొన్ని బృందాలు ఆవిరి యంత్రం తెస్తాయి. రాతి గట్టుకు, గోడ టైల్స్‌కు అది చక్కగా పనిచేస్తుంది. తలుపులకు మాత్రం వద్దని ముందే చెప్పండి, ఎందుకంటే అంచు పట్టీలను చాలావరకు వేడికి కరిగే జిగురుతోనే అతికిస్తారు. సామాను మనమే తీసి పెట్టాలా, వాళ్లే తీస్తారా అన్నది కూడా మాట్లాడుకోవాలి.

వెనిగర్ సింకు దగ్గరి తెల్లటి ఉప్పు మరకలకు బాగుంటుంది, నూనె జిడ్డుకు అంతగా పనిచేయదు. సోడాతో కలిపితే నురగ వచ్చి రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బ్లీచింగ్ ద్రావణంతో వెనిగర్‌ను ఎన్నడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. కుంకుడు రసం స్టీలు బుట్టలకు సరిపోతుంది.

సొరుగులకు వచ్చేసరికి తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పోపుదినుసుల పొడి, బియ్యపు నూక అంతా సొరుగు జారేందుకు పక్కల ఉండే పట్టాల మూలల్లోనే చేరుతుంది. అక్కడికి నీళ్లు గానీ స్ప్రే గానీ వెళ్తే పట్టాలకు పూసిన గ్రీజు పోయి సొరుగు బిగుసుకుంటుంది. పొడి పెయింటు బ్రష్షుతో ఊడ్చి, వాక్యూమ్‌తో లాగేయడమే మంచిది. స్టీలు బుట్టలను బయటికి తీసి విడిగా తోముకోవచ్చు. అంతా ఆరాక హింజ్‌ల పక్కన, సొరుగుల వెనక బొద్దింకల జెల్ చుక్కలు పెట్టండి. ఆ తర్వాత అక్కడ పురుగుమందు స్ప్రే కొట్టకూడదు, ఆ వాసనకు బొద్దింకలు జెల్ దగ్గరికే రావు.