వేడెక్కని మైక్రోవేవ్: బాగుచేయించడమా, కొత్తది కొనడమా?

విశాఖ ఎం.వి.పి. కాలనీలోని మా ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ దీపం వెలుగుతుంది, పళ్ళెం తిరుగుతుంది, సమయం కాగానే కూత కూడా వేస్తుంది. నిన్నటి పప్పుచారు మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగానే బయటికి వస్తుంది. ఇటువంటప్పుడు లోపం చాలావరకు డయోడ్ (విద్యుత్తును ఒకే దిశలో పోనిచ్చే భాగం), కెపాసిటర్ (విద్యుత్తును నిలవ ఉంచే భాగం), మాగ్నెట్రాన్ (ఆహారాన్ని వేడిచేసే తరంగాలను పుట్టించే భాగం) – ఈ మూడింటిలో ఒకదానిలో ఉంటుంది. ఒక్కోసారి తలుపు స్విచ్ కూడా కారణమవుతుంది.

స్విచ్, డయోడ్ వంటివి చవకైన భాగాలు కనుక, వాటి కోసం కొత్త ఓవెన్ కొనడం దండగ. 2,450 మెగాహెర్ట్జ్ తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ పోతే లెక్క మారుతుంది. దాని ఖర్చు కొత్త ఓవెన్ ధరలో సగానికి చేరితే నేను బాగుచేయించను. విశాఖలో ఇంకొక విషయం కూడా చూడాలి: సముద్రపు ఉప్పుగాలికి లోపలి గోడల పెయింటు ఊడి, రేకు తుప్పు పట్టి చిల్లు పడితే, ఏ భాగం మార్చినా ఆ పెట్టె వాడదగినది కాదు.

కొత్తదానికి వారంటీ ఉంటుంది; పాతదానికి మెకానిక్ మాటే హామీ. అయినా తుప్పు లేని ఓవెన్‌ను ఒకసారి మెకానిక్‌కు చూపించడమే నాకు సబబుగా తోస్తుంది. చూపించడమే తప్ప, స్క్రూడ్రైవర్ పట్టుకొని సొంతంగా విప్పడం కాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.