లాంకాస్ట్రియన్ పేరుతో లాంకాస్టర్ కిట్ అంటగడుతున్నారు, డబ్బు కట్టే ముందు చూసుకోండి

స్కేల్ మోడల్స్ కట్టే మనవాళ్లకి, అందులోనూ పాత ప్రయాణికుల విమానాల పిచ్చి ఉన్నవాళ్లకి ఈ పోస్టు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో బాంబర్లను మార్చి ప్రయాణికులను ఎక్కించిన విమానాల కిట్లంటూ ఒకాయన ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. ఆయన షాపు పేరు రాయట్లేదు, రాసినా లాభం లేదు, ఎందుకంటే గొడవ అయిన ప్రతిసారీ పేరు మార్చుకుని అవే ఫొటోలతో మళ్లీ దిగుతున్నాడు. అందుకే సరుకును బట్టి గుర్తుపట్టేలా రాస్తున్నా.

నేను తీసుకున్నది 1/72 స్కేల్ (అసలు సైజులో 72వ వంతు) అవ్రో లాంకాస్ట్రియన్, అంటే లాంకాస్టర్ బాంబర్‌ని మార్చి చేసిన ప్రయాణికుల విమానం, అప్పటి బ్రిటిష్ విమాన సంస్థ బీఓఏసీ రంగుల్లో. ధర 7,400 రూపాయలు. ప్రకటనలో కొత్త ముక్కు, కొత్త తోక, ప్రయాణికుల కిటికీలు, లోపల సీట్లు అన్నీ ఉన్నాయని రాశాడు. పెట్టె తెరిస్తే ఎక్కడైనా దొరికే మామూలు లాంకాస్టర్ బాంబర్ కిట్. ఇన్‌స్ట్రక్షన్ షీటు జెరాక్స్ కాపీ, అసలు కంపెనీ పేరున్న చోట వైట్‌నర్ పూసి కాపీ తీసినట్టు స్పష్టంగా కనిపిస్తోంది. స్ప్రూల్లో (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాల్లో) మూడు గన్ టరెట్లూ (తుపాకులు బిగించే తిరిగే గూళ్లు) ఉన్నాయి, మెషిన్ గన్లూ ఉన్నాయి, బాంబులు కూడా ఉన్నాయి. ప్రయాణికుల విమానంలో బాంబులెందుకు స్వామీ!

మార్పు అని చెప్పుకోవడానికి చిన్న ప్లాస్టిక్ కవర్లో అచ్చుల్లో పోసిన రెండు రెజిన్ ముక్కలు పెట్టాడు, ఒకటి ముక్కుకి, ఒకటి తోకకి. రెండిటి నిండా గాలి బుడగల చిల్లులే. ముక్కు భాగాన్ని ఫ్యూజిలాజ్ (విమానం మొండెం) పక్కన పెట్టి చూస్తే చుట్టూ దాదాపు 2 మిల్లీమీటర్ల మెట్టు తేలింది, 1/72లో అంత తేడాని పుట్టీతో కప్పలేం. వీపు మీద టరెట్ ఉండే గుండ్రటి రంధ్రం మూయడానికి ఏమీ ఇవ్వలేదు. సీట్ల ఊసే లేదు. ఇక కిటికీలంటే డెకాల్ షీటు (నీళ్లలో నానబెట్టి అతికించే స్టిక్కర్ల కాగితం) మీద నల్ల చతురస్రాలు. ఒకటి కత్తిరించి నీళ్లలో వేశాను, నిమిషం తిరక్కుండానే ఇంకు కరిగి నీళ్లు ఊదారంగుకి వచ్చాయి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద కొట్టి, పైన వార్నిష్ కూడా వేయకుండా పంపేశాడన్నమాట.

ఫోన్ చేస్తే ఆయన సమాధానం: "లాంకాస్ట్రియన్ అన్నా లాంకాస్టర్ అన్నా ఒకటే కదండీ, ఓపెన్ చేశాక రిటర్న్ లేదు." ఒకటే అయితే ఇంత ధర ఎందుకు పెట్టాడో మరి.

ఒకటి కావు. యుద్ధం సాగినన్నాళ్లూ బ్రిటన్ బాంబర్లు, ఫైటర్ల మీదే దృష్టి పెట్టి రవాణా విమానాలకు ఎక్కువగా అమెరికా మీద ఆధారపడింది, దాంతో శాంతి వచ్చేసరికి దూరప్రయాణాలకు చేతిలో సరైన సొంత విమానం లేదు. అప్పటికి ఉన్న లాంకాస్టర్ డిజైన్‌నే తీసుకుని టరెట్లు, కవచం తీసేసి, ముక్కునీ తోకనీ సూదిగా మూసి, బాంబులుండే చోట అదనపు ఇంధన ట్యాంకులు పెట్టారు. 1945 మే 31న బీఓఏసీ, ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ కలిసి ఇంగ్లండ్ నుంచి సిడ్నీకి దీన్ని నడపడం మొదలుపెట్టాయి. దారిలో కరాచీ, సిలోన్‌లోని రత్మలానా కూడా ఉన్నాయి. అంత పెద్ద నాలుగు ఇంజన్ల విమానంలో కూర్చునేది 9 మందే, అదీ బస్సులోలా ముందుకి కాదు, గోడ వారగా పక్కకి తిరిగి. క్యాబిన్‌లో ప్రెషరైజేషన్ (ఎత్తులో గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు) కూడా లేదు. టికెట్ల మీద లాభం మాట దేవుడెరుగు, ఇంధనం ఖర్చు వచ్చినా గొప్పే అనిపిస్తుంది నాకు. కానీ మోడల్‌గా కట్టడానికి ఆకర్షణంతా అందులోనే ఉంది, ఆ సూది ముక్కు, ఆ అడ్డ సీట్లు. ఆ రెండూ లేకపోతే మిగిలేది గన్లు పీకేసిన బాంబరే.

అసలు బండారం బయటపెట్టేది విమానం మీద రాసే రిజిస్ట్రేషన్ అక్షరాలు, అంటే దాని నంబర్ ప్లేటు లాంటివి. నాకొచ్చిన షీటు మీద బీఓఏసీ గుర్తు పక్కనే జి-ఏజీడబ్ల్యూహెచ్ అని ఉంది. అది బీఓఏసీ విమానం కానే కాదు, బ్రిటిష్ సౌత్ అమెరికన్ ఎయిర్‌వేస్ వాళ్ల 'స్టార్ డస్ట్'. 1947 ఆగస్టు 2న బ్యూనస్ ఎయిర్స్ నుంచి సాంటియాగో వెళ్తూ ఆండీస్‌లో టుపుంగాటో పర్వతం మీద కూలిపోయింది, లోపలున్న 11 మందీ చనిపోయారు. మంచు కింద కూరుకుపోయి ఎవరికీ కనబడలేదు, 1998లో పర్వతారోహకులకు శకలాలు దొరికాయి. ఇంటర్నెట్‌లో లాంకాస్ట్రియన్ అని వెతికితే ముందు వచ్చేది ఆ విమానమే కాబట్టి ఈయన అక్షరాలు అక్కడి నుంచి ఎత్తేసి పక్కన వేరే కంపెనీ పేరు తగిలించాడు. ప్రకటన ఫొటోలో డెకాల్ షీటు జూమ్ చేసి ఈ జత కనిపిస్తే వెంటనే ట్యాబ్ మూసేయండి.

ఇదే మనిషి దగ్గర నా స్నేహితుడొకడు హాల్టన్ తీసుకున్నాడు. అదింకా ఘోరం. హాల్టన్ అంటే హాలిఫాక్స్ బాంబర్ నుంచి మార్చింది. కొత్త ట్యూడర్ విమానాలు ఆలస్యమవుతుంటే బీఓఏసీ కోసం 12 హాల్టన్లు తయారుచేశారు, 10 మంది ప్రయాణికులు, పొట్ట కింద సామాన్ల కోసం పడవ ఆకారంలో పెద్ద పెట్టె. ఇంజన్లు గుండ్రటి బ్రిస్టల్ హెర్క్యులిస్‌లు. మావాడికి వచ్చిన పెట్టెలో ఇంజన్లు మొదటి రకం హాలిఫాక్స్‌వి, సన్నగా పొడుగ్గా ఉండే మెర్లిన్లు. పొట్ట కింది పెట్టె అసలే లేదు. దాన్ని హాల్టన్ చేయాలంటే ఇంజన్లు నాలుగూ బయట కొనాలి, పెట్టె చేత్తో చెక్కుకోవాలి.

కాబట్టి ఎవరి దగ్గర కొన్నా పెట్టె మీద బొమ్మ చూసి ఆగిపోకండి, స్ప్రూల ఫొటో, రెజిన్ ముక్కల ఫొటో, డెకాల్ షీటు ఫొటో విడివిడిగా అడగండి. నిజంగా సెట్ తయారుచేసేవాళ్లు సంతోషంగా పంపుతారు, ఈయన మాత్రం "స్టాక్ సీల్డ్ సార్" అంటాడు. సీల్ వేసిన పెట్టెలోకి జెరాక్స్ కాగితం ఎలా వెళ్లిందో అడిగితే జవాబు లేదు. యాప్‌లో ఆర్డర్ క్యాన్సిల్ చేసి నేరుగా యూపీఐ చేస్తే 500 తగ్గిస్తానంటాడు, ఒప్పుకోవద్దు, యాప్ బయట కడితే ఫిర్యాదు చేయడానికి ఆర్డర్ రికార్డే ఉండదు. నేను యాప్‌లోనే కట్టాను కాబట్టి ప్రకటన స్క్రీన్‌షాట్లు, పెట్టె తెరిచిన వీడియో జతచేసి ఫిర్యాదు పెట్టాను, ఇంకా నడుస్తోంది. వాళ్లు తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇప్పుడు కొత్తగా "మౌంట్‌బాటన్ వచ్చిన యార్క్" అని ఇంకో ప్రకటన పెట్టాడు, మన దేశంలో ఆ పేరుకి గిరాకీ ఉంటుందని లెక్క. మౌంట్‌బాటన్ 1947 మార్చిలో ఢిల్లీకి అవ్రో యార్క్ విమానంలోనే దిగిన మాట నిజమే. కానీ యార్క్‌కి లాంకాస్టర్ రెక్కలూ ఇంజన్లూ పెట్టారే గానీ ఫ్యూజిలాజ్ మొత్తం కొత్తది, పెట్టెలా నలుచదరంగా ఉంటుంది, రెక్కలు దాని నెత్తిన ఉంటాయి, తోక మీద మధ్యలో మూడో ఫిన్ (నిలువు రెక్క) కూడా ఉంటుంది. లాంకాస్టర్ కిట్‌కి ముక్కూ తోకా మార్చి యార్క్ చేయడం కుదరని పని. ఈ అమ్మకందారు ఫొటోలో స్ప్రూ ఒక మూల కొంచెం కనిపిస్తోంది, అందులో ఫ్యూజిలాజ్ గుండ్రంగా ఉంది, ఫిన్లు రెండే ఉన్నాయి. ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు ఉంటే సరుకు బయల్దేరకముందే క్యాన్సిల్ చేసుకోండి.