బ్యాక్‌లింకుల లెక్కకు ఏ టూల్ మేలు? జిల్లాలో నడిచే సైట్‌కి సరిపడేది

పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారి దగ్గరకెళ్లి 240 కంటే 320 పెద్ద అంకె కదా, అదే మేలు రకమా అని అడిగితే నవ్వేస్తాడు. డబ్ల్యూ 240 అంటే పౌనుకు 220 నుంచి 240 పప్పులు తూగే సరుకు. డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధరా ఎక్కువే. అంకె దేన్ని లెక్కపెడుతోందో తెలియనివాడికి 320 గొప్పగా కనిపిస్తుంది.

బయటి సైట్లు మీ సైట్‌కి ఇచ్చే లింకుల్ని బ్యాక్‌లింకులంటారు. వాటిని బట్టి సైట్ బలానికి టూల్స్ వేసే అంకె అథారిటీ. దాని దగ్గర జరుగుతున్నదీ అదే. ఈ టూల్స్‌లో ఒకే సైట్‌కి మోజ్ 22 చూపిస్తుంది, అహ్రెఫ్స్ 9 అంటుంది, సెమ్‌రష్ 14 దగ్గర ఆగుతుంది. ఏది నిజమని వాదులాడుకోవడం దండగ. మూడూ వేర్వేరు తూకాలు. పైగా మూడింట్లో ఏదీ గూగుల్ తూకం కాదు. గూగుల్ లింకుల్ని బట్టి పేజీలకిచ్చే తన పేజ్‌ర్యాంక్ అంకెను టూల్‌బార్‌లో చూపించడం 2016లోనే మానేసింది. ఆ ఖాళీలో ఈ బయటి అంకెల బేరం పెరిగింది.

జవాబు ముందే చెప్పేస్తే మంచిది. జీడిపప్పు దుకాణం, పొందూరు ఖాదీ, బొబ్బిలి వీణలు, కోచింగ్ సెంటర్, నర్సింగ్ హోమ్, ఏదైనా కానివ్వండి. లింకులిచ్చే డొమైన్లు రెండు మూడొందల లోపు ఉన్న సైట్‌కి గూగుల్ సెర్చ్ కన్సోల్ (సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే టూల్), అహ్రెఫ్స్ వెబ్‌మాస్టర్ టూల్స్ కలిపి చాలు. రెండూ ఉచితమే. డబ్బు పెట్టాల్సింది పోటీ సైట్ల లింకులు తవ్వేటప్పుడు మాత్రమే. అదీ ఏడాదికి ఒక నెలో, రెండు నెలలో.

సెర్చ్ కన్సోల్ ఏం చూపిస్తుంది, ఏం దాస్తుంది

ఎడమవైపు మెనూలో కింద ‘లింక్స్’ ఉంటుంది. ఎక్కువ లింకులొచ్చిన మీ పేజీలు, లింకిచ్చిన సైట్లు, లింకు మీద రాసిన మాటలు అని బయటి లింకులకు మూడు పట్టికలు కనిపిస్తాయి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు సరుకు కుడివైపు పైనున్న ‘ఎక్స్‌పోర్ట్ ఎక్స్‌టర్నల్ లింక్స్’లో ఉంది. అందులో ‘లేటెస్ట్ లింక్స్’ ఎంచుకుంటే ఒక్కో లింకు పక్కన గూగుల్ దాన్ని చివరిసారి చూసిన తేదీ కూడా వస్తుంది. లక్ష వరుసల దాకా దిగుతుంది. మన సైట్లకు అది సముద్రమంత.

లోపాలూ ఉన్నాయి. నోఫాలో లింకుల్ని (విలువ ఇవ్వొద్దని గూగుల్‌కి చెప్పే గుర్తున్నవి) కూడా కలిపే చూపిస్తుంది, ఏది నోఫాలోనో మాత్రం చెప్పదు. పోయిన లింకుల జాబితా ఇవ్వదు. పక్కవాళ్ల సైట్ చూపించదు. అథారిటీ అంకె అసలే ఉండదు.

ఓనర్‌షిప్ నిరూపించే దగ్గరే సగం తప్పులు జరుగుతాయి. ‘యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్’ కింద పాత హెచ్‌టీటీపీ చిరునామా ఇచ్చి, సైటేమో హెచ్‌టీటీపీఎస్‌లో నడుస్తుంటే రిపోర్టు దాదాపు ఖాళీగా వస్తుంది. ‘డొమైన్’ రకం ఎంచుకుని డీఎన్‌ఎస్‌లో (డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే పట్టికలో) గూగుల్ ఇచ్చే టీఎక్స్‌టీ రికార్డు పెడితే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ లేనిదీ, సబ్‌డొమైన్లూ అన్నీ ఒకే చోటికి వస్తాయి. రికార్డు పెట్టినా ‘దొరకలేదు’ అని వస్తుంటే నేమ్‌సర్వర్లు (ఆ పట్టికను ఉంచే సర్వర్లు) ఎక్కడున్నాయో చూడండి. డొమైన్ ఒక చోట కొని, నేమ్‌సర్వర్లు క్లౌడ్‌ఫ్లేర్‌కి మార్చినవాళ్లు కొన్నచోటి ప్యానెల్‌లోనే రికార్డు పెట్టి రెండ్రోజులు కాచుకు కూర్చుంటారు. అది క్లౌడ్‌ఫ్లేర్‌లో పెట్టాలి. ఓనర్‌షిప్ తేలాక ఆ రికార్డును తీసేయకూడదు కూడా. తీసేస్తే కొన్నాళ్లకు అనుమతి పోతుంది.

ఇంకో మాట. దించుకున్న సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు లింకు మాటలు పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ఫైలు పాడవలేదు, ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్–8గా చదవలేదంతే. ‘డేటా’లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, ఫైల్ ఆరిజిన్‌లో 65001 యూనికోడ్ ఎంచుకుంటే తెలుగు తెలుగులా వస్తుంది. గూగుల్ షీట్స్‌లో ఈ తంటా లేదు.

అహ్రెఫ్స్ ఉచిత ఖాతా: ఇక్కడే దండిగా దొరుకుతుంది

సెర్చ్ కన్సోల్‌కి దీన్ని కలిపితే ఓనర్‌షిప్ రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మీ సైట్ వరకు లింకుల రిపోర్టు ఇస్తుంది, డూఫాలో (నోఫాలో గుర్తు లేని మామూలు లింకులు), నోఫాలో విడదీస్తుంది. బ్యాక్‌లింకుల అంకె కాదు, రెఫరింగ్ డొమైన్ల (లింకిచ్చిన వేర్వేరు సైట్ల) అంకె చూడండి. ఒక లోకల్ న్యూస్ పోర్టల్ ఫుటర్‌లో మీ లింకు పెడితే మూడు వేల బ్యాక్‌లింకులు కనిపిస్తాయి. డొమైన్ మాత్రం ఒక్కటే, విలువా దాదాపు ఒక్క డొమైన్‌దే.

సెర్చ్ కన్సోల్ ఇవ్వనిది ‘లాస్ట్’ జాబితా. పోయిన ప్రతి లింకు పక్కన కారణం ఉంటుంది. లింకు తీసేశారా, పేజీయే లేకుండా పోయిందా, నోఇండెక్స్ (గూగుల్‌లో చూపొద్దనే గుర్తు) పెట్టారా, దారి మళ్లించారా అన్నది తెలుస్తుంది. లింకు తీసేసినవాళ్లకి మెయిల్ రాయొచ్చు. సిరిమానోత్సవం వారంలో విజయనగరం లాడ్జి పేరు రాసిన పండగ పేజీని పోర్టల్‌వాళ్లు మర్నాడే తీసేస్తే చేసేదేం లేదు, వదిలేయండి.

అన్నిటికంటే లాభసాటి రిపోర్టు ‘బెస్ట్ బై లింక్స్’. అందులో 404 (పేజీ దొరకలేదు) ఫిల్టర్ పెడితే, బయటివాళ్లు లింకిచ్చినా మీ దగ్గర తెరుచుకోని పేజీలు బయటపడతాయి. సైట్ డిజైన్ మార్చినప్పుడో, వూకామర్స్ నుంచి షాపిఫైకి వెళ్లినప్పుడో పాత చిరునామాలు చచ్చిపోతాయి. కొత్త లింకు సంపాదించడం కంటే ఈ చచ్చిన చిరునామాని 301తో (శాశ్వత దారి మళ్లింపుతో) కొత్త పేజీకి కలపడం ఎంతో తేలిక.

తెలుగు చిరునామాలున్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. టూల్‌లో ‘పలాస–జీడిపప్పు’ అని కనిపించదు. %ఈ0%బి0, %ఈ0%బి1 అంటూ పొడుగాటి గొలుసు కనిపిస్తుంది. తెలుగు అక్షరచిహ్నం ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి అది చిరునామాలో తొమ్మిది గుర్తులుగా మారుతుంది. వర్డ్‌ప్రెస్‌లో స్లగ్‌కి (చిరునామాలో పేజీ పేరుండే భాగానికి) 200 గుర్తుల హద్దు ఉంది. అంటే గుణింతాలు, పొల్లులు అన్నీ కలిపి 22 చిహ్నాలు దాటితే స్లగ్ మధ్యలో తెగిపోతుంది. పేజీ పేరు పూర్తిగా ఉంటుంది, చిరునామాకి మాత్రం తోక ఉండదు. ఎవరైనా పేరు చూసి చేత్తో టైప్ చేసి లింకిస్తే అది 404కి పోవచ్చు.

ఆ గొలుసును అలాగే కాపీ చేసి అపాచీ సర్వర్ హెచ్‌టీయాక్సెస్ (సర్వర్ నియమాలు రాసే) ఫైల్‌లో ‘రీడైరెక్ట్ 301’ వరుసలో పెడితే పని చెయ్యదు. అపాచీ ఆ వరుసను విప్పేసిన చిరునామాతో పోలుస్తుంది. అందుకే అక్కడ మామూలు తెలుగు అక్షరాలే రాసి, ఫైల్‌ని బామ్ (ఫైల్ మొదట్లో చేరే కనిపించని గుర్తు) లేని యూటీఎఫ్–8లో సేవ్ చెయ్యాలి. అయినా కలవకపోతే గొలుసులో %ఈ2%80%8సి ఉందేమో వెతకండి. ‘వెబ్‌సైట్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే కనిపించని గుర్తు అది. కంటికి రెండు చిరునామాలూ ఒకేలా ఉంటాయి, సర్వర్‌కి కావు.

లెక్కలు ఎందుకు కలవవు

సెర్చ్ కన్సోల్‌లో 60 డొమైన్లుంటే అహ్రెఫ్స్‌లో 41, మెజెస్టిక్ అనే ఇంకో టూల్‌లో 33 కనిపించొచ్చు. టూల్ మోసం చేస్తోందనుకోవద్దు. ఒక్కో టూల్‌కి ఒక్కో బాట్ (వెబ్ పేజీలు తిరిగి చదివే ప్రోగ్రామ్) ఉంది: అహ్రెఫ్స్‌బాట్, సెమ్‌రష్‌బాట్, మెజెస్టిక్ వాళ్ల ఎంజే12బాట్, మోజ్ వాళ్ల డాట్‌బాట్. చవక షేర్డ్ హోస్టింగ్‌లో సర్వర్ మీద బరువు తగ్గించుకోవడానికి వీటిని అడ్డుకోవడం మామూలే. మీకు లింకిచ్చిన చిన్న పత్రిక సైట్ ఆ బాట్‌ని గుమ్మం దగ్గరే ఆపేస్తే టూల్‌కి ఆ లింకు సంగతే తెలియదు. గూగుల్‌బాట్‌ని మాత్రం దాదాపు ఎవరూ ఆపరు. స్థానిక లింకుల విషయంలో సెర్చ్ కన్సోల్ ముందుండటానికి పెద్ద కారణం ఇదే.

అథారిటీ అంకెల్లో తేడా ఇంకా లోతైనది. అహ్రెఫ్స్ డీఆర్ (డొమైన్ రేటింగ్) కేవలం లింకుల లెక్క. డూఫాలో లింకు ఎన్ని డొమైన్ల నుంచి వచ్చింది, వాటి డీఆర్ ఎంత, అవి ఇంకెన్ని డొమైన్లకు లింకులిస్తున్నాయి అన్నవే చూస్తుంది. డీఆర్ 80 ఉన్నా లక్షల సైట్లకు లింకులు పంచే డైరెక్టరీ కంటే, డీఆర్ 40 ఉండి కొద్దిమందికే లింకిచ్చే సైట్ ఎక్కువ ఇవ్వగలదు. మోజ్ డీఏ (డొమైన్ అథారిటీ) గూగుల్ ఫలితాల్లో ఆ డొమైన్ ఎంతగా కనిపించవచ్చో అంచనా కట్టే మోడల్. 1 నుంచి 100 దాకా ఉన్నా మెట్లు సమానం కావు. 10 నుంచి 20కి ఎక్కడం నడక, 70 నుంచి 80కి కొండ. పెద్ద సైట్లు ఇంకా పెద్దవైతే మీ లింకు ఒక్కటీ పోకుండానే మీ డీఏ రెండు అంకెలు దిగొచ్చు. సెమ్‌రష్ అథారిటీ స్కోర్ లింకులతో పాటు గూగుల్ నుంచి వచ్చే ట్రాఫిక్ అంచనా, స్పామ్ లక్షణాలు కూడా కలుపుతుంది. అందుకే ఉత్త లింకులు కొని దీన్ని పెంచడం కాస్త కష్టం. మెజెస్టిక్ రెండు అంకెలు ఇస్తుంది. సైటేషన్ ఫ్లో ఎంతమంది లింకిచ్చారో, ట్రస్ట్ ఫ్లో నమ్మకమైన సైట్లకు మీరెంత దగ్గరో చెబుతుంది. మొదటిది 30 ఉండి రెండోది 4 ఉంటే ఆ సైట్ మీద అనుమానపడాల్సిందే.

మెజెస్టిక్‌లో మాకు నచ్చేది విషయం వారీ ట్రస్ట్ ఫ్లో. గొల్లపల్లిలో పనస చెక్కతో చేసే బొబ్బిలి వీణలు అమ్మే సైట్‌కి సంగీతం వర్గంలో అంకె కనిపిస్తే లింకులు సరైన చోటి నుంచి వస్తున్నట్టు. జూదం, అప్పుల యాప్‌ల వర్గాలు కనిపిస్తే ఎవరో లింకుల ప్యాకేజీ కొన్నట్టు.

డబ్బు పెట్టే నెలలో ఏది?

లింకులే పని అయితే అహ్రెఫ్స్. కీవర్డులు, గూగుల్ ప్రకటనలు కూడా చూసుకోవాలంటే సెమ్‌రష్. ఖర్చు తగ్గాలి, లింకుల నాణ్యత ఒక్కటే చూడాలి అంటే మెజెస్టిక్. మోజ్‌ని డీఏ అడిగే కస్టమర్ ఉంటేనే తెరవండి, దానికి ఉచిత ఖాతా చాలు. అహ్రెఫ్స్, సెమ్‌రష్ మామూలు ప్లాన్లు నెలకు వంద డాలర్లు దాటతాయి. పైన పన్ను, కార్డు విదేశీ మారక రుసుము వేరు. కార్డులో విదేశీ లావాదేవీలు ఆన్ చేసి కట్టాలి. కట్టిన రోజే ఆటో రెన్యువల్ ఆపేయండి, కట్టిన నెల గడువు దాకా ఖాతా నడుస్తుంది.

ఆ నెలలో చేయాల్సింది ఒక్కటే. మీ సరుకే అమ్మే మూడు నాలుగు సైట్లను సెమ్‌రష్ బ్యాక్‌లింక్ గ్యాప్‌లో కానీ, అహ్రెఫ్స్ లింక్ ఇంటర్‌సెక్ట్‌లో కానీ పెట్టి, కనీసం ఇద్దరికి లింకిచ్చి మీకు ఇవ్వని డొమైన్లు తీయండి. అహ్రెఫ్స్‌లో సైట్ ఇచ్చేటప్పుడు ‘సబ్‌డొమైన్స్’ మోడ్ ఉండాలి, ‘ఎగ్జాక్ట్ యూఆర్‌ఎల్’ ఉంటే హోమ్ పేజీ లింకులే వస్తాయి. డూఫాలో మాత్రమే ఉంచండి, గూగుల్ ట్రాఫిక్ సున్నా ఉన్నవాటిని కొట్టేయండి. వందల జాబితా కరిగి వంట సైట్లు, యాత్రా రచనలు, హోల్‌సేల్ కొనుగోలుదార్ల పేజీలు మిగులుతాయి. పని చేయాల్సింది వాటి మీదే. పైసా పెట్టలేనివాళ్లు బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో బ్యాక్‌లింక్స్ తెరవండి. పక్కవాళ్ల సైట్ ఇచ్చి పోల్చుకునే వీలు అందులో ఉచితంగా ఉంది. ఎందుకో దాన్ని ఎవరూ తెరవరు.

సెమ్‌రష్‌లో ఒక ఎర్ర రంగు ఉంది, దాన్ని చూసి బెదరకండి. లింకుల టాక్సిసిటీ 60, ఆపైన ఉంటే విషం, 45 నుంచి 59 అనుమానం అంటుంది. అది సెమ్‌రష్ అభిప్రాయం, గూగుల్‌ది కాదు. గూగుల్ 2016 సెప్టెంబరులో వచ్చిన పెంగ్విన్ 4.0 (లింకుల మోసాన్ని పట్టే మార్పు) నుంచి చెత్త లింకుల్ని ఎక్కువగా లెక్కలోంచి తీసేస్తుందే తప్ప సైట్‌ని తొక్కేయదు. ముందు సెర్చ్ కన్సోల్‌లో ‘మాన్యువల్ యాక్షన్స్’ (గూగుల్ సిబ్బంది వేసిన శిక్షల జాబితా) చూడండి. అక్కడేమీ లేకుండా, మీరు లింకులు కొనకుండా ఉంటే డిసావో (ఈ లింకుల్ని లెక్కించొద్దని గూగుల్‌కి ఫైల్ ఇవ్వడం) జోలికి పోవద్దు. తప్పనిసరైతే వరుసకో డొమైన్ చొప్పున, ముందు ‘డొమైన్’ అని ఇంగ్లీషులో రాసి కోలన్ పెట్టి, టెక్స్ట్ ఫైల్ తయారు చేయాలి. ‘డొమైన్’ రకం ప్రాపర్టీకి డిసావో పని చెయ్యదు, యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్ రకం ఒకటి చేర్చుకోవాలి. కొత్త ఫైల్ ఎక్కిస్తే పాతది చెరిగిపోతుంది కాబట్టి పాత వరుసలు కూడా అందులో ఉండాలి.

ఇక ‘నెలలో డీఏ 40’ ప్యాకేజీలు. అమ్మేవాళ్లు లింకివ్వబోయే సైట్ పేరు ముందే అడగండి. దాన్ని అహ్రెఫ్స్ ఉచిత బ్యాక్‌లింక్ చెకర్‌లో, మెజెస్టిక్‌లో పెట్టి చూడండి. డీఏ 45 ఉండి ట్రస్ట్ ఫ్లో 3 ఉంటే, సెమ్‌రష్ ఉచిత ఖాతాలో గూగుల్ ట్రాఫిక్ సున్నా కనిపిస్తే, సైట్ తెరిచినప్పుడు జీడిపప్పు వ్యాసం పక్కనే కాసినో వ్యాసం ఉంటే బేరం అక్కడితో ఆపేయండి. పేరు చెప్పనివాళ్లతో ఆ మాత్రం బేరం కూడా అక్కర్లేదు.