గాలి మీద తేలే బోటా, నురుగు పట్టాల బండా?

ఎండకాలం సోమశిల దగ్గర కృష్ణ వెనక్కి జరిగితే, నీళ్లకూ గట్టినేలకూ నడుమ ఒండ్రు తేలుతుంది. పుట్టి అక్కడ ఆగుతుంది, ట్రాక్టర్ అక్కడే కూరుకుపోతుంది. ఓడ నుంచి ఒడ్డుకు ట్యాంకులు దించే సైన్యాల చిక్కు కూడా ఈ నడిమి నేలతోనే.

అమెరికా నౌకాదళం 1980ల నుంచి వాడుతున్నది ఎల్‌సీఏసీ అనే హోవర్‌క్రాఫ్ట్. మోత 60 టన్నులు, అంటే ఒక ట్యాంకు. వేగం 40 నాట్లు (గంటకు సుమారు 74 కిలోమీటర్లు). రబ్బరు స్కర్టు కింద గాలి నింపుకొని తేలుతుంది కనుక బురద దానికి లెక్కే కాదు. బాధంతా నాలుగు గ్యాస్ టర్బైన్లతోనే. ఇంధనం విపరీతంగా తాగుతాయి, ఉప్పు తుంపర, ఇసుక బ్లేడ్లను తినేస్తాయి. నాలుగడుగులకు మించిన గోడ ఎదురైతే అంతే సంగతి.

యూహెచ్ఏసీ అదే పనికి అమెరికా పరీక్షించిన ప్రయోగాత్మక బండి. నురుగు (ఫోమ్) దిమ్మెలు బిగించిన, ట్యాంకుకు ఉండేలాంటి గొలుసు పట్టాలు నీళ్లలో తెడ్లలా పనిచేస్తాయి, నేల మీద అణిగి బరువును పరుస్తాయి. 2014లో రిమ్‌పాక్ అనే బహుళదేశ నౌకాదళ విన్యాసాల్లో హవాయి తీరంలో సగం సైజు నమూనాను నడిపారు. పూర్తి సైజుకు లక్ష్యం మూడు ట్యాంకులు, 20 నాట్లు, పదడుగుల గోడ.

ఇక్కడే జాగ్రత్త. కొలతలు రెండింతలైతే బరువు ఎనిమిదింతలు, నేలను తాకే వైశాల్యం నాలుగింతలే. అంటే నేలపై ఒత్తిడి రెట్టింపు. నమూనా దాటిన బురదలో అసలు బండి దిగబడవచ్చు. పూర్తి సైజుతో, పూర్తి బరువుతో బురదలో పరీక్షించేదాకా నా ఓటు హోవర్‌క్రాఫ్ట్‌కే.