పళ్లొచ్చే పాప బుగ్గలకు పెట్రోలియం జెల్లీ: రెండు చలికాలాలు వాడాక

ముందే తేల్చి చెబుతాను. రంగూ వాసనా లేని తెల్ల పెట్రోలియం జెల్లీ మందు కాదు, పూత. చొంగ కారే పిల్లల మూతి చుట్టూ చర్మం పొక్కకుండా అది అడ్డుపడుతుంది. పొక్కిన తరువాత రాసి, తెల్లారేసరికి ఎర్రదనం మాయమవ్వాలని ఎదురుచూసేవాళ్లకు నిరాశే మిగులుతుంది. ఈ తేడా తెలిసి వాడితే ఇంత చవకలో ఇంత పనికొచ్చే వస్తువు ఇంకొకటి నాకు దొరకలేదు.

మా పాపకు ఐదో నెల వచ్చేసరికి చొంగ ధారకట్టింది. పళ్లొస్తున్నాయని ఇంట్లో అందరూ తేల్చేశారు. నిజానికి కింది ముందుపళ్లు చాలామంది పిల్లలకు 6 నుంచి 10 నెలల మధ్య కనిపిస్తాయి. చొంగ మాత్రం మూడు నాలుగు నెలలకే మొదలవుతుంది. లాలాజలం ఎక్కువగా ఊరుతుంది, దాన్ని మింగడం ఇంకా సరిగా చేతకాదు, దొరికిందల్లా నోట్లోకే వెళుతుంది. దానికి తోడు డిసెంబరు వచ్చింది. గుంటూరులో చలేమిటని హైదరాబాదు బంధువులు నవ్వుతారు. కొబ్బరి నూనె సీసాలో పేరుకునే ఉదయాలు మాకూ ఉన్నాయి. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కనుక పెద్ద గొప్పేమీ కాదనుకోండి. అయినా తడిసిన బుగ్గ మీద తెల్లవారుజామున వీచే పొడిగాలి ఆ మాత్రం తగిలితే చాలు, చర్మం గరుకెక్కి తెల్లగా పొట్టు లేస్తుంది.

చొంగ తడుపుతుంది, ఆరుతుంది, మళ్లీ తడుపుతుంది. అందులో ఆహారాన్ని అరిగించే ఎంజైములు కూడా ఉంటాయి. పసిపిల్లల చర్మం పైపొర పెద్దవాళ్లకంటే పలుచన, లోపలి తేమ తొందరగా ఎగిరిపోతుంది. ఆపైన మనం పదేపదే తుడుస్తూ ఒరిపిడి పెడతాం. జెల్లీ చర్మానికి కొత్తగా నీరు ఇవ్వదు. ఉన్న తేమను పోనివ్వదు, బయటి చొంగను తగలనివ్వదు. అందుకే ఎంత రాశామన్నదానికంటే ఎప్పుడు రాశామన్నదే ముఖ్యం.

స్నానం కాగానే ఒంటి మీద కాస్త చెమ్మ ఉండగా బుగ్గలకు రాసేదాన్ని. మూతి చుట్టూ, గడ్డం కింద మాత్రం గోరువెచ్చని నీటితో కడిగి, బాగా ఆరాక, పాలు పట్టేముందు ఒకసారి, నిద్రపుచ్చేముందు ఒకసారి. శెనగగింజంత చాలు. పాత నూలుచీర ముక్కలతో చొంగను అద్దడమే తప్ప తుడవడం లేదు. బిబ్ తడిస్తే వెంటనే మార్చాలి, తడి గుడ్డ మెడకు ఆనుకుని ఉంటే ఏ పూతా నిలవదు. ముఖానికి సబ్బూ, నలుగుపిండీ ఆపేశాం. నలుగు ఆపడానికి జెల్లీ కొనడానికంటే ఎక్కువ వాదన జరిగింది.

అత్తయ్యగారి అభ్యంతరం వేరు. "పసిపిల్ల మూతికి కిరసనాయిలు తుక్కు పూస్తావామ్మా?" అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. అమెరికాలో చమురు బావుల దగ్గర గొట్టాలకు పట్టే మడ్డి నుంచే దీన్ని తీశారు, వాసెలిన్ పేరుతో 1872లో పేటెంటు పొందారు. ఇప్పుడు మందుల దుకాణాల్లో దొరికేది బాగా శుద్ధి చేసిన రకం, నాలుకకు కాస్త తగిలినా భయం లేదు. ముక్కు రంధ్రాల్లో మాత్రం పెట్టకూడదు, ఊపిరితో లోపలికి పోయే ప్రమాదం ఉంది. ఆవిడ కోసం కొన్నాళ్లు కొబ్బరి నూనె కూడా రాశాను. ఒంటికి మర్దన చేయడానికి బాగుంది, మూతి దగ్గర మాత్రం పాలు తాగడం పూర్తయ్యేలోపే కారిపోయింది. సువాసన వేసే లోషన్ల జోలికి వెళ్లలేదు, పొక్కిన చర్మానికి ఆ సువాసనే మంట పెట్టవచ్చు.

ఇక లోపాలు. మన చలి పొద్దున్నా రాత్రీ మాత్రమే. మధ్యాహ్నం ఎండెక్కితే ఆ జిడ్డు కింద చెమట పట్టి పాప చిరాకు పడేది, అందుకే పగటిపూట పల్చగా, అదీ మూతి వరకే. రెండోది దుమ్ము. మా వారిది మిర్చి యార్డులో పని. సంక్రాంతి దాటి కొత్త సరుకు మొదలైతే ఆయన చొక్కా నిండా ఘాటే. జిడ్డు మొహానికి ఆ పొడి అంటుకుంటే పాప ఏడుపు ఆపడం ఎవరి తరం? స్నానం చేసి, బట్టలు మార్చాకే పాపను ఎత్తుకోవాలని ఆయనకు షరతు పెట్టాం. భోగిపళ్ల రోజున పెద్దలు ముచ్చటపడి పైన పౌడరు అద్దితే మొహమంతా ముద్దముద్ద అయింది. పసిపిల్లల దగ్గర పౌడరు డబ్బా ఎలాగూ వద్దు, ఊపిరిలోకి పోతుంది. దిండు గలీబుల మీది జిడ్డు మరకలకు వేడినీళ్లు తప్ప దారి లేదు.

జెల్లీతో పని కాని సందర్భాలూ ఉన్నాయి. మెడ మడతల్లో ఎర్రగా, చెమ్మగా ఉండి చుట్టూ చిన్న పొక్కులు లేస్తే అది ఫంగస్ కావచ్చు. బుగ్గ మీద తేనెరంగు పెచ్చు కడితే సూక్ష్మక్రిములు చేరినట్టు. అలాంటప్పుడు పూత ఆపి పిల్లల డాక్టరుకు చూపించాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ తాకితే దాన్ని పళ్ల మీదకు నెట్టి ఊరుకోకూడదు. చిగుళ్ల నొప్పికి మేము ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచిన శుభ్రమైన తడిగుడ్డ ఇచ్చాం, నమలడం పాపకు నచ్చింది. చిగుళ్లను మొద్దుబార్చే బెంజోకెయిన్ అనే మందు ఉన్న జెల్‌లు రెండేళ్లలోపు పిల్లలకు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో గట్టిగా హెచ్చరించింది, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని అవి దెబ్బతీయగలవు.

రెండో చలికాలానికి దవడపళ్లు మొదలయ్యాయి, చొంగ మళ్లీ పెరిగింది. ఈసారి మొదటి చలిగాలికే పూత మొదలుపెట్టాం కనుక బుగ్గలు ఒకటి రెండుసార్లు గులాబీరంగు తేలాయే తప్ప పగలలేదు. కొత్తగా వచ్చిన తిప్పలు పాపవే: మూత తీయడం నేర్చుకుంది. డబ్బా మానేసి ట్యూబుకు మారాం, అందులో వేళ్లు పెట్టే పని లేదు కనుక శుభ్రంగానూ ఉంటుంది. మా గుంటూరు కొత్తపేటలో ఏ మందుల దుకాణంలోనైనా తెల్ల పెట్రోలియం జెల్లీ అని అడగండి. మీద ఐ.పి. అన్న అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి, భారత ఔషధ ప్రమాణాలకు తగినదని అర్థం. సుగంధం కలిపినదైతే అక్కడే తిరిగి ఇచ్చేయండి.