స్టీలు రెయిలింగు, అల్యూమినియం సామాను వెల్డింగుకు ఇస్తున్నారా? అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి

మేము నాచారంలో ఉంటాం. మే నెలలో బాల్కనీకి స్టెయిన్‌లెస్ స్టీలు రెయిలింగు పెట్టించాను. నాలుగు వానలు పడేసరికి ప్రతి అతుకు చుట్టూ టీ ఒలికినట్టు మరక. పైపుల మీద ఎక్కడా లేదు, అతుకుల దగ్గరే. షాపుకు ఫోను చేస్తే "వానాకాలం కదా సార్, సబ్బుతో కడగండి" అన్నారు. కడిగాను. పది రోజులకు మళ్లీ వచ్చింది.

బాలానగర్‌లో ఏళ్ల తరబడి వెల్డింగు పని చేస్తున్న మా బావగారు వచ్చి చూశారు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి పైపుకు ఆనించారు, అంటుకోలేదు. అతుకుకు ఆనిస్తే టక్కున పట్టేసింది. మామూలు ఇనుముకు వాడే రాడ్డుతో అతికి, పైన బఫింగు కొట్టి మెరిపించారట. 304 గ్రేడు (రకం) స్టెయిన్‌లెస్ స్టీలులో దాదాపు 18 శాతం క్రోమియం ఉంటుంది, తుప్పును ఆపేది అదే. దానికి 308ఎల్ రకం ఫిల్లర్ రాడ్డు (అతుకులో కరిగి నిండేది) వాడాలి. ఇనుము గీసిన గ్రైండింగ్ చక్రాన్నీ, తీగ బ్రష్షునూ స్టీలు మీద వాడినా ఆ రేణువులు అంటుకుని తుప్పు మొదలవుతుంది.

అయస్కాంతం అంటుకోకపోతే 304 అని షాపుల్లో చెబుతారు, నమ్మకండి. నికెల్ తక్కువగా ఉండే 202 గ్రేడుకూ అంటుకోదు. నా బిల్లులో "ఎస్‌ఎస్ పైపు" అని మాత్రమే ఉంది. గ్రేడు రాయించుకోకపోవడం నా తప్పే.

నిచ్చెన సంగతి ఇంకా ఘోరం. విరిగిన అల్యూమినియం నిచ్చెన కాలు కూడా అక్కడే ఇచ్చాను. నీళ్ల ట్యాంకు చూద్దామని ఎక్కితే రెండో మెట్టు మీదే ఊడింది. మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది. ఊడిన చోట చూస్తే రూపాయి బిళ్లంత రంధ్రం, దాని నిండా పుట్టీ, పైన వెండి రంగు! అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, గాలి తగిలి దాని మీద ఏర్పడే ఆక్సైడు పొర కరగాలంటే మాత్రం రెండు వేల డిగ్రీలు దాటాలి. పైగా ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి జారిపోతుంది. అందుకే పొరను గీకేసి, ఆర్గాన్ మిషనును (ఆర్గాన్ గ్యాసుతో వెల్డింగు చేసేది) ఏసీ కరెంటులో పెట్టి అతకాలి. అదే మిషను స్టీలుకు డీసీ కరెంటులో నడవాలి. ఆ షాపులో ఆర్గాన్ సిలిండరే లేదు, నేను అప్పుడు గమనించలేదు.

రెయిలింగుకు అల్యూమినియం కుండీల స్టాండు కూడా వెల్డింగు చేసిపెడతామన్నారు. ఆ మాట చెబితే బావగారు పగలబడి నవ్వారు. మామూలు వెల్డింగులో ఆ రెండూ కలిస్తే అతుకు పెళుసై పగిలిపోతుందట. రెండూ ఒకదానికొకటి తగలకుండా నైలాన్ వాషర్లు వేసి బోల్టులు బిగించుకోవాలి.

మిగతా 4,000 రూపాయలు నేనింకా ఇవ్వలేదు. ఆదివారం వచ్చి అతుకుల మీద వెండి రంగు వేసి డబ్బు తీసుకెళతామంటున్నారు.